పదిహేడు రోజుల మాత్రలు

ఆరేళ్ళ నుంచి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒక్క మాట. లేదు అన్నాను. ఆ ఒక్క మాటకి ఒక మనిషికి ఉన్న మంచి పేరు పోయింది, పని చేసుకునే గది పోయింది. నాకు మాత్రం ఏమీ పోలేదు. పైగా జాలి దొరికింది, కొబ్బరినీళ్ళు దొరికాయి, మూడు వారాలు ఇంటి నుంచి పని చేసుకునే వెసులుబాటు దొరికింది.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబుదామని ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్క లేదు. ఫోనులో నాలుగు ముక్కలు కొట్టడం, చెరిపేయడం, టీ పెట్టుకోవడం. అబద్ధం ఆడటానికి ఒక్క క్షణం పట్టింది, దాన్ని ఒప్పుకోవడానికి ఆరేళ్ళు. పశ్చాత్తాపం అనే పెద్ద మాట వాడను, నాకు అంత అర్హత లేదు. నా మీద నాకే విసుగు పుట్టింది. ఆ విసుగుతోనే రాస్తున్నాను.

మాది కడప వైపు. నేనూ మా ఆయనా ఇద్దరం సాఫ్ట్‌వేర్‌లోనే. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. గచ్చిబౌలిలో అద్దె ఇంట్లో ఉంటూ, తెల్లాపూర్‌లో కొన్న ఫ్లాటుకు అల్మారాలూ ఫాల్స్ సీలింగులూ చేయించుకుంటున్నాం. శనివారం వస్తే చాలు, వడ్రంగుల మీద అరవడానికి అక్కడికి వెళ్ళేవాళ్ళం.

నా నెలసరి ఒక పద్ధతిలో వచ్చిన గుర్తు కాలేజీ రోజుల తర్వాత లేదు. రెండు నెలలకోసారి, ఒక్కోసారి మూడు నెలలకు. వచ్చిందంటే పది రోజులు వదలదు. స్కాన్ తీస్తే అండాశయాల నిండా నీటి బుడగలన్నారు. హార్మోన్ మాత్రలు వాడినన్నాళ్ళూ గడియారంలా వచ్చేది, ఆపగానే మళ్ళీ మొదటికే. ఒళ్ళు పెరిగింది. గడ్డం కింద వెంట్రుకలు మొలిచాయి. ఆఫీసు బాత్రూమ్ అద్దంలో చూసుకుంటూ చిన్న పట్టకారుతో పీక్కునేదాన్ని, ఎవరైనా వస్తే లిప్‌స్టిక్ దిద్దుకుంటున్నట్టు నటించేదాన్ని. అందరూ సలహాలిచ్చేవాళ్ళే. బరువు తగ్గమని ఒకరు, టెన్షన్ పడొద్దని ఒకరు. టెన్షన్ పడొద్దని చెప్పేవాళ్ళను చూస్తేనే నాకు టెన్షన్ వచ్చేది.

తెల్లాపూర్‌లో మా కొత్త అపార్ట్‌మెంట్ల గేటు పక్కన వరసగా చిన్న చిన్న షాపులుంటాయి. వాటిలో ఒక గదిలో ఆయుర్వేద డాక్టరమ్మ కూర్చునేది. యాభై దాటి ఉంటాయి. ఆ చుట్టుపక్కల ఊరి మనిషే. ఇప్పుడు ఆ ఊరు ఎక్కడుందో ఆమె చెబితేగాని తెలియదు, దాని మీదే టవర్లు లేచాయి. ఒక శనివారం వడ్రంగి రాకపోవడంతో, ఆ కోపంలో, ఊరికే ఆమె గదిలోకి వెళ్ళాను.

నాడి పట్టుకుని కళ్ళు మూసుకుని ఏదో చెబుతుందనుకున్నాను. ఆమె ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకురమ్మంది. పాత స్కాన్లన్నీ తెమ్మంది. ఎన్నింటికి పడుకుంటావు, పొద్దున ఏం తింటావు, రాత్రి పెరుగు తింటావా, రోజుకు ఎన్ని గంటలు కుర్చీలో ఉంటావు అని అడిగింది. ఇరవై నిమిషాలు నా మాట విన్న డాక్టరును నేను అప్పటిదాకా చూడలేదు. ఆఖరికి ఒక కషాయం సీసా, ఏవో గుళికలు ఇచ్చి, ఒక చిన్న నోటు పుస్తకం కూడా ఇచ్చింది. నెలసరి వచ్చిన తేదీ అందులో రాయమంది. ఫోనులో యాప్ ఉందండీ అంటే, ఉండనీ, చేత్తో రాస్తే నీ ఒంటి మీద నీకు ధ్యాస ఉంటది అంది.

పథ్యం నరకం. రాత్రి పెరుగు లేదు, ఆఫీసులో సాయంత్రం సమోసా లేదు, పది కొట్టేసరికి పక్క మీద ఉండాలి. అమెరికా వాళ్ళతో కాల్ ఉందంటే, ఆ అమెరికా వాళ్ళు వాళ్ళ నిద్ర వేళకు నిద్రపోతున్నరు కదా అంది. ఆమెతో వాదించలేం. పొద్దున్నే నువ్వులూ బెల్లమూ, నలభై నిమిషాల నడక. లోపల తిట్టుకుంటూనే చేశాను.

రెండో నెల ముప్పై మూడు రోజులకు వచ్చింది. తర్వాత ముప్పై ఒకటికి. తర్వాత ముప్పైకి. మళ్ళీ ముప్పై ఒకటికి. కషాయమే చేసిందో, నిద్రే చేసిందో, నడకే చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెను అడిగితే, ఏది చేస్తే ఏంది, ఒక్క ఏడాది అయితే నిలవనియ్యి అంది. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పింది. ఈ ఏడాది పూజలనీ పెళ్ళిళ్ళనీ నెలసరి వాయిదా వేసే మాత్రల జోలికి పోవద్దంది. ఇప్పుడిప్పుడే దారికి వస్తున్నదాన్ని మళ్ళీ దారి తప్పించొద్దంది. నేను తల ఊపాను. తల ఊపడంలో నాకు మంచి అనుభవం ఉంది, మీటింగుల్లో చేసేది అదే కదా.

ఇక్కడే గృహప్రవేశం వచ్చిపడింది.

మూఢం వస్తోంది, మళ్ళీ మూడు నెలల దాకా ముహూర్తాల్లేవు అన్నాడు పంతులు. ఉన్నది ఒక్కటే, ఒక గురువారం తెల్లవారుజామున. అద్దె ఇంటి ఓనరుకు ఖాళీ చేస్తామని చెప్పేశాం, అతను వేరేవాళ్ళకు ఇచ్చేశాడు. మా అత్తగారు కడప నుంచి ఫోన్ చేసి, ఆ దినాలు అడ్డం రావు కదమ్మా, ఒకసారి చూసుకో, అని అడిగింది. అడ్డం రావత్తా అన్నాను. చూసుకోకుండానే అన్నాను. పదిహేనేళ్ళుగా నా నెలసరి ఎప్పుడొస్తుందో నాకే తెలియని అలవాటు నాది. ఎవరైనా అడిగితే రాదు అనేయడమే, సగం సార్లు అదే నిజమయ్యేది. ఒంట్లో ఒక లెక్క కుదిరిందని నాకు ఇంకా నమ్మకం కుదరలేదు.

రెండు రోజుల తర్వాత నోటు పుస్తకం తీసి లెక్కపెట్టాను. గృహప్రవేశానికి ముందు రోజు, బుధవారం, వచ్చి తీరుతుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి నా ఒళ్ళు మాట మీద నిలబడబోతోంది. అదీ ఆ రోజే. నవ్వాలో ఏడవాలో తెలియక వంటగదిలో నిలబడి ఆ పుస్తకాన్నే తిట్టాను.

అత్తగారికి ఫోన్ చేసి, పొరపాటున చెప్పానత్తా, అడ్డం వస్తుంది అని ఎందుకు చెప్పలేదు? చెబితే ఏమయ్యేది? ముహూర్తం మారదు. మా ఆయన ఒక్కడే పీటల మీద కూర్చోవాలి, లేదా నా బదులు మా ఆడపడుచు పాలు పొంగించాలి. నేను పదేళ్ళు ఉద్యోగం చేసి కొనుక్కున్న ఇంట్లో నేను గడప అవతల కుర్చీ వేసుకుని చూడాలి. అది నా వల్ల కాదనుకున్నాను. మాత్రలు వేసుకుంటానని చెబితే? ఎప్పుడో ఒక చుట్టం గురించి అత్తగారు, మాత్రలు మింగి వ్రతంలో కూర్చుందంట అని మూతి తిప్పడం నాకు గుర్తుంది. ఆ ఒక్క మూతి విరుపు మీద నేను ఇంత కథ కట్టుకున్నాను. మా ఆయనకు చెబుదామంటే ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

ఆఫీసు ఎదురుగా ఉన్న మందుల షాపుకు వెళ్ళాను. పేరు కూడా అడగలేదు నేను, వాయిదా వేసే మాత్రలు అన్నానంతే. అతను తల ఎత్తకుండానే, ఫంక్షనా మేడం, ఎన్ని రోజులు, అని స్ట్రిప్పులు కత్తిరించి ఇచ్చాడు. దగ్గుబిళ్ళలు కూడా అంత తేలిగ్గా ఇవ్వరు. లాప్‌టాప్ బ్యాగులో ఐడీ కార్డు పెట్టుకునే చిన్న అరలో దాచాను. రోజుకు మూడు వేసుకోవాలి. ఫోనులో మూడు అలారాలు పెట్టుకుని, ఎవరైనా చూస్తారని వాటికి టీమ్ మీటింగ్ అని పేరు పెట్టాను. నిజం మీటింగు సాగితే దొంగ మీటింగు తప్పిపోయేది. తప్పిపోయిన రోజు సాయంత్రం రెండు కలిపి వేసుకునేదాన్ని. మా టీములో ఎవరైనా పని ఇలా చేస్తే నేనే వాళ్ళ తోలు తీసేదాన్ని.

ఐదారు రోజులు వేసుకుని ఆపేద్దామనుకున్నాను. గృహప్రవేశం బాగానే జరిగింది. ఆవును లిఫ్టు ఎక్కించడానికి అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోలేదు, దానికి కింద లాబీలోనే బొట్టు పెట్టి పంపించేశాం. పాలు పొంగాయి. వ్రతం అయింది. ఫోటోల్లో నేను ఎర్రంచు పట్టుచీరలో ఎంత నిశ్చింతగా ఉన్నానో. ఆ సాయంత్రం అత్తగారు, కొత్తింట్లో తొమ్మిది రోజులు దీపం ఆగకూడదు, అదీ ఇంటి ఇల్లాలే పెట్టాల, అంది. సరే, ఇంకో తొమ్మిది రోజులు మాత్రలు. తొమ్మిది అవుతుండగా, ఎటూ అందరం ఉన్నాం కదా అని మా ఆయన తిరుమలకు టికెట్లు తీశాడు. ఇంకో నాలుగు రోజులు. మొత్తం పదిహేడు. కషాయం సీసా మాత్రం ఆ పదిహేడు రోజులూ అట్టపెట్టెలో, గిన్నెల మధ్య, తాడు కూడా విప్పకుండా ఉంది. ఇల్లు మారే హడావిడిలో నేను దాన్ని ముట్టుకోలేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

మాత్రలు ఆపిన మూడో రోజు మొదలైంది. వాయిదా పడింది కదా, కొంచెం ఎక్కువే ఉంటుందిలే అనుకున్నాను. నాలుగో రోజుకు తగ్గుతుందిలే అనుకున్నాను. ఆఫీసులో రిలీజ్ ఉంది, అయిపోయాక చూసుకుందామనుకున్నాను. ఇలా అనుకుంటూ అనుకుంటూ తొమ్మిది రోజులు గడిపాను. తొమ్మిదో రోజు సాయంత్రం ఆఫీసు లిఫ్టు ముందు నిలబడి, కింది బాణం గుర్తు వెలగడం చూశాను. తర్వాత నేల చూశాను. తోటివాళ్ళు ఎత్తుకుని హాస్పిటల్‌కు తీసుకెళ్ళారు.

నెత్తురు రెండు సంచులు ఎక్కించారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మందులేమైనా వాడుతున్నారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న అత్తగారు, ఆయుర్వేదం కసాయం తాగతాంది సార్, అంది. నిజం చెప్పాలంటే, నోరు తెరవాలని నేను తొందరేమీ పడలేదు. అతను ఓహో అని ఏదో రాసుకున్నాడు. మా ఆయన ముఖం ఎర్రబడింది. ఆ నిమిషంలో నాకు ఒక దారి కనబడింది, నేను దాంట్లోకి నడిచాను. ఎంత సుఖమైన దారో. ఎవరూ నన్నేమీ అడగలేదు.

ఇంటికి తీసుకొచ్చిన మర్నాడే మా ఆయన అట్టపెట్టె విప్పి, సీసా బయటికి తీసి, బల్ల మీద పెట్టి ఫోటో తీశాడు. మా అపార్ట్‌మెంట్ల గ్రూపులో పెట్టి, దీని వల్ల నా భార్య ప్రాణం మీదికి వచ్చింది, మన గేటు దగ్గరే ఇలాంటి వైద్యం జరుగుతోంది, ఆడవాళ్ళు జాగ్రత్త, అని రాశాడు. సాయంత్రానికల్లా అన్ని టవర్లకూ తెలిసిపోయింది. ఆ ఫోటోను కాస్త పెద్దది చేసి చూస్తే సీసా మూతకు సీలు అలాగే ఉండటం కనిపిస్తుంది. కొత్త సీసా అది, నేను తెరవనే లేదు. వందలమంది చూశారు. ఒక్కరు కూడా పెద్దది చేసి చూడలేదు. నేను చూశాను. చూసి ఫోను బోర్లా పెట్టి పడుకున్నాను.

నాలుగో రోజు డాక్టరమ్మ ఇంటికి వచ్చింది. గొడవకు వచ్చిందనుకున్నాను. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా తీయలేదు, ఎండి గలగలమంటున్నాయి. లోపలికి వస్తూ ఆమె వాటిని ఒకసారి తలెత్తి చూసింది. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్ళ కింద రెప్పలు లాగి చూసింది. నోటు పుస్తకం అడిగింది, ఇచ్చాను. అత్తగారు వంటింట్లో ఉంది. మధ్యలో తలుపు తెరిచే ఉంది.

"గృహప్రవేశం ఎన్నడైంది?" అని అడిగింది.

తేదీ చెప్పాను. ఆమె పుస్తకంలో వరసగా ఉన్న తేదీల మీదుగా వేలు పోనిచ్చింది. ఆఖరి తేదీ రావలసిన దానికన్నా పదహారు రోజులు ఆలస్యం. వేలు అక్కడ ఆగింది.

"గోలీలేమన్న వేసుకున్నవా బిడ్డా?"

"లేదు డాక్టర్."

"జర యాదికి తెచ్చుకో. పూజ ఉన్నదని ఎవరన్న ఇచ్చిన్రా?"

"లేదు. మీ కషాయం తప్ప నేనేమీ తీసుకోలేదు."

ఎందుకన్నాను ఆ రెండో మాట? లేదు అని ఊరుకోవచ్చుగా. నన్ను నేను కాపాడుకోవడానికి లేదు అంటే చాలు. ఆమె కషాయాన్ని మధ్యలోకి లాగాల్సిన పనేమిటి? వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిందని నాకనిపించింది. అత్తగారు వింటోంది, ఆమెకు వినపడాలనే అన్నాను. తాగని కషాయం తాగానని చెప్పి, మింగిన మాత్రలు మింగలేదని చెప్పాను.

డాక్టరమ్మ ఆ తెరిచిన తలుపు వైపు చూసింది. తర్వాత గొంతు బాగా తగ్గించింది.

"ఇంట్ల ఎవ్వరికి చెప్ప. నాకొక్కదానికి చెప్పు. వైద్యం చేసేదాన్ని కదా, తెలిస్తే మంచిగుంటది."

"ఏమీ లేదు డాక్టర్."

"మంచిది," అంది. పుస్తకం మూసి నా దిండు పక్కన పెట్టింది. లేచింది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఇగ నువ్వు ఏ డాక్టర్ దగ్గరికి పోయినా, వేసుకున్నవన్నీ చెప్పు బిడ్డా. నాకు చెప్పకపోయినా ఫికర్ లేదు. గాళ్ళకు చెప్పు. లేకుంటే పానం మీదికొస్తది."

అంతే అంది. ఆమెకు తెలిసిపోయింది. ఆ మామిడాకులు, ఆ పదహారు రోజులు చూశాక ఏ ఆడమనిషికైనా తెలుస్తుంది. తెలిసీ నా ఆరోగ్యం గురించే మాట్లాడి వెళ్ళింది. తిట్టి ఉంటే నేను కూడా తిట్టి, ఆ కోపం మీద ఆరేళ్ళు హాయిగా బతికేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు మహాతల్లి.

ఆ ఆదివారం అసోసియేషన్ వాళ్ళు ఆమెను క్లబ్‌హౌస్‌కు పిలిచారు. మా ఆయన వెళ్ళాడు. తిరిగొచ్చి, ఒక్క ప్రశ్నకు కూడా సమాధానం చెప్పలేకపోయిందని గెలిచిన వాడిలా చెప్పాడు. ఏమందని అడిగాను. పేషెంటు సంగతి పదిమందిలో మాట్లాడను అందట. అంతకన్నా ఒక్క ముక్క మాట్లాడలేదట. తప్పు లేకపోతే మాట్లాడేది కదా అన్నాడు మా ఆయన. నేను ఆ నోటు పుస్తకం దిండు కింద పెట్టుకుని అవును అన్నాను. ఆమె ఒక్క మాట, వాళ్ళావిడ ఏం మింగిందో కనుక్కోండి, అని ఉంటే చాలు. నా పరువు పోయేది, ఆమె గది నిలిచేది. ఆమె నా గుట్టు కాపాడింది. నేను ఆమె గది ఖాళీ చేయించాను.

నెల తిరగకుండా ఆమె వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరూ అడగలేదు. ఆ గదిలో ఇప్పుడు కుక్కలకు స్నానం చేయించే షాపు ఉంది. గేటు దాటిన ప్రతిసారీ ఆ షాంపూ వాసన నా ముక్కుకు తగులుతుంది. రోజుకు రెండుసార్లు, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ.

అక్కడితో అయిపోయినా బాగుండేది. అవలేదు. నేను మా టవర్లకు పెద్ద నిపుణురాలిని అయిపోయాను. ఎవరికి నెలసరి తేడా వచ్చినా, ఎవరైనా ఆయుర్వేదం మాటెత్తినా, పదకొండో అంతస్తులో ఆవిడను అడగండి, ఆమెకు ప్రాణం మీదికొచ్చింది, అని నా దగ్గరికి పంపిస్తారు. లిఫ్టులో అడుగుతారు, కూరగాయల బండి దగ్గర అడుగుతారు. నేను గంభీరంగా తల ఊపుతాను. ఏడాదికోసారి ఎవరో ఒకరు ఆ పాత ఫోటో మళ్ళీ గ్రూపులో పెడతారు. సీలు తీయని ఆ సీసా మళ్ళీ మళ్ళీ నా ఎదుటికొస్తుంది. నా మాట విని హార్మోన్ల డాక్టరు దగ్గరికి పోయిన వాళ్ళు కొందరు బాగుపడ్డారు, ఆ సంగతి వేరు. నేను ఎవరికీ తప్పు మందు చెప్పలేదు. చెప్పిన కారణమే దొంగది.

ఎన్నిసార్లు చెబుదామనుకున్నాను? చెబితే మా ఆయన ఏమవుతాడు, గ్రూపులో అంత పెద్ద మాటలు రాసినవాడు? అత్తగారు ఏమంటుంది? ఆ గృహప్రవేశం ఫలం పోయిందంటుందేమో, ఇంట్లో ఎవరికి దగ్గు వచ్చినా నా మాత్రల వల్లే అంటుందేమో. ఇలా నాకు నేనే భయాలు వండుకుని తిన్నాను. ఆమె పేరు ఫోనులో కొడితే ఎక్కడుందో ఒక్క నిమిషంలో తెలిసేది. కొట్టలేదు. తెలిస్తే వెళ్ళాల్సి వస్తుందని.

మొన్న మా ఆడపడుచు ఫోన్ చేసింది. మామగారు పోయాక అత్తగారు ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. స్పీకర్లో పెట్టి మాట్లాడుతోంది. వరలక్ష్మీ వ్రతానికి ఆ దినాలు అడ్డమొస్తున్నాయని ఆడపడుచు గొణుగుతోంది. అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తల కూడా ఎత్తకుండా అంది.

"ఒక మాత్ర మింగితే సరిపాయె గదమ్మా. ఇంతోటి దానికి ఏడుస్తావేంటికి?"

నా చేతిలో గరిటె ఉంది. ఆ గరిటెను ఏం చేయాలో నాకు తోచలేదు. నా మీద నాకు వచ్చినంత కోపం ఎవరి మీదా ఎప్పుడూ రాలేదు. ఆరేళ్ళు. ఈవిడకు భయపడి ఆరేళ్ళు. ఈవిడ అసలు నాకేనాడూ వద్దనలేదు. ఒకసారి మూతి తిప్పింది, అదీ ఆ చుట్టం మీద ఇంకేదో కోపంతో అయ్యుంటుంది. నేను అడిగి ఉంటే, గృహప్రవేశానికి ముందే, ఇదే మాట నాకూ చెప్పేదేమో. మాత్రల సంగతి దాచాల్సిన పని లేకపోతే డాక్టరమ్మకు లేదు అని చెప్పాల్సిన పనీ లేదు. మొత్తం దేని మీద నిలబడిందో చూస్తే సిగ్గుతో నవ్వొచ్చింది. అత్తగారు ఏమైంది అని అడిగింది. ఏం లేదత్తా అన్నాను. ఏం లేదు అనడం నాకు ఊపిరి తీసుకున్నంత తేలిక.

ఈ ఆదివారం పైఅంతస్తు అమ్మాయి వచ్చింది. బాచుపల్లి నుంచి మొన్నీమధ్యే మారారు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, నాలాగే కుర్చీలో కూర్చునే ఉద్యోగం, నాలాగే గడ్డం దగ్గర నల్లటి మచ్చలు. షాపుల వరసలో కొత్తగా ఇంకో ఆయుర్వేద డాక్టరు గది తెరుస్తోందట. వెళ్ళాలా వద్దా అని గ్రూపులో అడిగితే అందరూ నా పేరే చెప్పారట. ఆ ఫోటో కూడా పంపారట. ఫోను నా ముందు పెట్టి, నిజంగా అంత పని చేసిందా అక్కా, అని అడిగింది.

హాల్లో కూర్చున్నాం. అత్తగారు వంటింట్లో మిక్సీ వేస్తోంది. మధ్యలో తలుపు తెరిచే ఉంది.

ఆ అమ్మాయి ఫోను తీసుకుని, రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేశాను. సీసా మూత చూపించాను. ఇదేంటో కనిపిస్తోందా అన్నాను. సీలు కదా అక్కా అంది. అవును, ఇది నేను తెరవనే లేదు, అన్నాను. గృహప్రవేశానికని మాత్రలు వేసుకున్నాను, పదిహేడు రోజులు, ఇష్టమొచ్చినట్టు. అందుకే పడిపోయాను. డాక్టరమ్మ వచ్చి అడిగితే లేదని చెప్పాను.

వంటింట్లో మిక్సీ ఆగింది. నేను ఆగలేదు. నోటు పుస్తకం సంగతి, క్లబ్‌హౌస్ సంగతి, ఆమె ఏమనకుండా వెళ్ళిపోయిన సంగతి, అన్నీ చెప్పాను. ఇప్పుడు నువ్వు ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్ళు, ఆయుర్వేదమైనా ఇంకోటైనా, ముందు పరీక్షలు చేయించే మనిషి దగ్గరికి వెళ్ళు, వేసుకున్నవన్నీ చెప్పు అన్నాను. ఈ మాట నాది కాదు, ఆమెది అని కూడా చెప్పాను. దీన్ని గ్రూపులో ఎవరికైనా చెప్పుకో, నేను కాదనను అన్నాను. వంటింట్లో ఇంకా చప్పుడు లేదు.

ఆ అమ్మాయి నన్ను ఓదారుస్తుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఇంత చెప్పాక కూడా ఆశ. ఆమె ఓదార్చలేదు.

"మరి ఆ డాక్టరమ్మ ఇప్పుడు ఎక్కడుందక్కా?"

తెలియదన్నాను. ఎప్పుడూ వెతకలేదన్నాను. ఆమె ఫోను చేతిలోకి తీసుకుని, వెతికే చోట వేలు పెట్టింది.

"పేరేంది?"

ఆరేళ్ళలో ఆ పేరు నేను ఒక్కసారి కూడా పలకలేదు. ఇంట్లో ఎవరైనా ఎత్తినా, ఆ గేటు దగ్గరావిడ అనే అనేదాన్ని. ఇప్పుడు ఇంటిపేరుతో సహా, వంటింట్లోకి వినబడేంత గట్టిగా చెప్పాను.